రెండు జాతరల మధ్య

పిల్లల కేన్సర్ వార్డులో తెల్లారగానే మొదలయ్యే పని తూకం. పిల్లవాడి బరువెంతో, ఎత్తెంతో చూస్తేగానీ ఎక్కించాల్సిన మందు ఎంతో లెక్క తేలదు. నర్సు ఆ అంకెను కాగితం మీద వేసుకుంటుంది. పక్కన నిలబడ్డ తల్లి మనసులో వేసుకుంటుంది. నర్సు లెక్క మందు కోసం. తల్లి లెక్క బెల్లం కోసం.

ఓరుగల్లు చుట్టుపక్కల పల్లెలవారికి ఈ రెండో లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు. ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క-సారలమ్మ జాతరలో బెల్లమే బంగారం. బిడ్డకు ఆపద వస్తే 'నిలువెత్తు బంగారం ఇచ్చుకుంటా తల్లీ' అని మొక్కుకుంటారు. గండం గడిచాక బిడ్డను కాంటాలో కూర్చోబెట్టి, అంత బరువు బెల్లం తూయించి గద్దెల దగ్గర సమర్పించుకుంటారు.

అలాంటి మొక్కు మొక్కిన ఒక ఇంటిని ఊహించుకోండి. పేర్లు అక్కర్లేదు. ఏ పిల్లల వార్డుకు వెళ్లినా ఆ ఇల్లు ఏదో ఒక మంచం దగ్గర కనిపిస్తుంది. రెండెకరాల చేను, ఎనిమిదేళ్ల కూతురు, ఐదేళ్ల కొడుకు. వానాకాలంలో పిల్లవాడికి జ్వరం పట్టుకుంది. పదిహేను రోజులైనా వదల్లేదు. ముఖం తెల్లగా పాలిపోయింది. ఎక్కడా పడకుండానే కాళ్ల మీద కమిలిన మచ్చలు. రాత్రయితే కాళ్లు గుంజుతున్నాయని ఏడుపు. ఊళ్లో ఆర్‌ఎంపీ, మండల కేంద్రంలో డాక్టరు, తర్వాత వరంగల్, అక్కణ్నుంచి హైదరాబాద్. రక్తం చూశారు. నడుము దగ్గర ఎముకలోంచి మూలుగ తీసి చూశారు. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అన్నారు. ఆ మాటల్లో తల్లికి ఒక్కటీ తలకెక్కలేదు. 'బ్లడ్ కేన్సర్' అన్నది మాత్రం గుండెలో దిగింది.

ఆ రాత్రే ఆమె మొక్కుకుంది. అప్పుడు పిల్లవాడి బరువు పదహారు కిలోలు. మేడారం జాతర అయిదు నెలల దూరంలో ఉంది.

ఎవరి తప్పు?

కబురు తెలియగానే చుట్టాలు వచ్చారు. వచ్చినవారిలో ప్రేమ లేదని కాదు. కానీ ఏం మాట్లాడాలో తెలియనప్పుడు మనుషులు కారణాలు వెతుకుతారు. 'మేనరికమా?' అని ఒకరు. 'కడుపుతో ఉన్నప్పుడు గ్రహణంనాడు బయట తిరిగినవా?' అని ఇంకొకరు. 'ఏ జన్మల చేసుకున్న పాపమో' అని మరొకరు. ఆ ఒక్కో మాటా తల్లి మీద ఒక్కో రాయి. అప్పటికే ఆమె రాత్రిళ్లు తనను తానే నిలదీసుకుంటోంది. ఏం పెట్టాను, ఏం తాగించాను, ఎక్కడ చూసుకోలేకపోయాను?

డాక్టరు ఈ విషయం ముందే చెప్పి ఉంటే ఆమెకు సగం బరువు తగ్గేది. పిల్లలకు వచ్చే కేన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఈ లుకేమియానే. ఎక్కువమంది పిల్లల్లో ఇది ఫలానా కారణంతో వచ్చిందని ఎవరూ వేలెత్తి చూపలేరు. ఎముకల మూలుగలో రక్తకణాలు తయారయ్యేచోట ఒక కణం దారి తప్పుతుంది. అది ఎదగకుండానే రెండై, నాలుగై, మంచి కణాలకు చోటు లేకుండా చేస్తుంది. ఎర్రకణాలు తగ్గి బిడ్డ పాలిపోతాడు. ప్లేట్‌లెట్లు తగ్గి ఒళ్లు కములుతుంది. రోగంతో పోరాడే కణాలు తగ్గి జ్వరం వదలదు. ఇది అంటువ్యాధి కాదు. తల్లి తిన్నదానివల్లో, ఎవరి దిష్టివల్లో వచ్చేది కాదు.

ఆ సంగతి ఆమెకు చివరికి చెప్పింది పక్క మంచం దగ్గరున్న ఒక నల్గొండ ఆవిడ. "అక్కా, నేను గూడ మూడు నెలలు నన్నే తిట్టుకున్న. పెద్ద డాక్టర్ కూసోవెట్టి చెప్పిండు. మనం చేసింది ఏం లేదట. చెయ్యాల్సింది మాత్రం శాన ఉందట" అంది. ఆ పూటే ఆమె చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తింది.

నయమైందిగా, ఇంటికి పోదాం!

మొదటి నెల చాలా కష్టం. సెలైన్ సూదులు, వెన్నులో ఇచ్చే ఇంజక్షన్లు, వాంతులు. స్టెరాయిడ్ మాత్రలకు పిల్లవాడి ముఖం ఉబ్బింది. అర్ధరాత్రి లేచి ఆకలంటాడు. పెడితే విసిరికొడతాడు. జుట్టు దిండు మీద రాలింది. ఒకరోజు అద్దంలో చూసుకుని, "అమ్మా, మనం వేములవాడ పోలే గదా, మరి నాకు గుండెందుకయింది?" అని అడిగాడు. తల్లి నవ్వింది. తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్లి నల్లా తిప్పుకుని ఏడ్చింది.

నెల తిరిగేసరికి మళ్లీ మూలుగ పరీక్ష చేశారు. చెడ్డ కణాలు కనిపించలేదు. ఈ జబ్బులో నూటికి తొంభైమందికిపైగా పిల్లలకు మొదటి విడత మందులతోనే ఇలా తగ్గుముఖం పడుతుంది. జ్వరం పోయింది. పిల్లవాడు వార్డు వరండాలో ట్రైసైకిల్ కోసం కొట్లాడుతున్నాడు. చూసినవారెవరైనా నయమైందనే అంటారు.

తండ్రి అదే అన్నాడు. "సమ్మక్క తల్లి మన మొర విన్నది. ఇగ ఇంటికి పోదాం. మాఘంల మొక్కు తీర్చుకుందాం." పత్తి ఏరే రోజులు. కూలీలు దొరకరు. బయట గది కిరాయి, ఇద్దరి తిండి, రాకపోకల చార్జీలు... అప్పటికే రెండుచోట్ల అప్పు. కూతురు అమ్మమ్మ ఇంట్లో ఉండి బడికి సరిగా పోవడం లేదు. అతని మాటలో తప్పేముంది?

పిల్లల కేన్సర్‌లో అతి ప్రమాదకరమైన మలుపు ఇదే. బిడ్డ పరిస్థితి బాగా లేనప్పుడు ఎవరూ ఆస్పత్రి వదలరు. బాగున్నప్పుడే వదులుతారు. పరీక్షలో కనిపించకపోయినా చెడ్డ కణాలు ఒంట్లో ఎక్కడో దాక్కునే ఉంటాయి. మందు ఆపితే మళ్లీ లేస్తాయి. రెండోసారి వచ్చిన జబ్బును లొంగదీయడం మొదటిసారి అంత సులువు కాదు. అందుకే ఈ చికిత్స నెలతో అయ్యేది కాదు. రెండు నుంచి మూడేళ్లు. మన దేశంలో చికిత్స మధ్యలో ఆపేయడం వల్ల పోయే పిల్లలు ఉన్నారు. వాళ్లలో కొందరి ఇళ్లలో దేవుడి పటం ముందు దీపం వెలుగుతూనే ఉంటుంది.

ఆ రోజు డ్యూటీలో ఉన్న పెద్ద నర్సు వాళ్లను కోప్పడలేదు. మూఢనమ్మకమని వెక్కిరించలేదు. తల్లిని పక్కకు పిలిచి అడిగింది.

"ఏం మొక్కుకున్నావమ్మా?"

"నిలువెత్తు బంగారం, సిస్టరమ్మా. జాతరకు."

"మంచిదే. అయితే ఈ జాతరకు కాదు, పై జాతరకు. మీ ఊళ్లో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు నలభై ఒక్క రోజులు నియమం తప్పుతారా? పదో రోజున ఒంట్లో బాగుందని మాల తీసేస్తారా? ఇది కూడా దీక్షే అనుకో. రెండేళ్ల దీక్ష. వేళకు మందు, కాచిన నీళ్లు, వేడి అన్నం, జ్వరమొస్తే ఆ క్షణమే ఆస్పత్రి. దీక్ష పూర్తి చేసి మొక్కు తీర్చుకో."

తల్లికి ఇది అర్థమైంది. ఇంతకుముందు ఎవరు చెప్పినా అర్థం కానంతగా అర్థమైంది. ఆ సాయంత్రం ఆమె భర్తతో ఒక్కటే మాట అంది: "మొక్కు మధ్యల ఇడిసిపెట్టొద్దు."

భీమవరం నుంచి వచ్చిన మాత్ర

నర్సు ధైర్యంగా 'దీక్ష పూర్తి చెయ్యి' అనగలిగిందంటే దాని వెనక డెబ్భై అయిదేళ్లకు పైబడిన కథ ఉంది. ఆ కథలో ఒక తెలుగువాడు ఉన్నాడు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. పేదరికంలో పెరిగారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరిని తీసుకుపోయింది. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లారు. తర్వాత అక్కడి లెడర్లీ కంపెనీ పరిశోధనాశాలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం మొదట ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. ఆ విటమిన్‌ను శరీరంలో పనిచేయనీయకుండా అడ్డుకునే మందులనూ ఆ బృందమే తయారుచేసింది. అందులో ఒకటి అమినోప్టెరిన్. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశారు. అంతవరకూ ఆ పిల్లలకు చేయగలిగింది ఏమీ లేదు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో పదహారుమంది పిల్లల్లో పదిమందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. అది కొన్ని నెలలే నిలిచింది. అయినా తలుపు తెరుచుకుంది. ఆ రెండు నెలలకే, 1948 ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. దాని తోబుట్టువులాంటి మెథోట్రెక్సేట్‌ను ఈ రోజుకీ లుకేమియా పిల్లలకు వారానికోసారి మాత్రగా ఇస్తున్నారు. ఆ ఐదేళ్లవాడు మింగేదీ అదే.

ఈ కథలో ఒక మొక్కు కూడా ఉంది. అమెరికాలో డానీ థామస్ అనే హాస్యనటుడు అవకాశాల్లేక అల్లాడుతున్న రోజుల్లో, దిక్కులేనివారికి దిక్కుగా క్రైస్తవులు కొలిచే సెయింట్ జూడ్‌ను ప్రార్థించాడు. దారి చూపిస్తే గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడు. పేరూ డబ్బూ వచ్చాక మొక్కు మర్చిపోలేదు. కాకపోతే ఆ గుడి ఆస్పత్రి అయింది. 1962లో మెంఫిస్ నగరంలో సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాస్పత్రి తెరుచుకుంది. అక్కడ బిడ్డ వైద్యానికి తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకోరు. అది మొదలైన నాటికి ఈ లుకేమియా వచ్చిన పిల్లల్లో నూటికి నలుగురే బతికేవారు. డాక్టర్ డొనాల్డ్ పింకెల్ అక్కడ ఒక మందుతో సరిపెట్టకుండా అన్ని మందులనూ కలిపి, విడతలుగా, ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు. ఆ దశాబ్దం చివరికల్లా సగంమంది బతికారు. ఇప్పుడు సంపన్న దేశాల్లో నూటికి దాదాపు తొంభైమంది బతుకుతున్నారు. మన దగ్గరా మంచి కేంద్రాల్లో చికిత్స చివరిదాకా చేయించుకున్న పిల్లల్లో ఎక్కువమంది బతికి బట్టకడుతున్నారు.

ఒక మొక్కు ఆస్పత్రి అయింది. ఒక అన్నదమ్ముల చావు మందుకు దారి వేసింది. ఈ సంగతులు ఆ తల్లికి తెలియవు. తెలియకపోయినా ఆమె చేతిలో ఉన్నది వాటి ఫలమే.

ముందు మంచం మీది ధైర్యం

వార్డులో ఒక్కొక్కరిది ఒక్కో దేవుడు. ఒకావిడ దిండు కింద బైబిలు. ఒక పిల్లవాడి మెడలో దర్గా నుంచి తెచ్చిన తాయెత్తు. ఇంకొకరి కిటికీ దగ్గర వెంకన్న పటం. ఎవరికి ఏ కబురు వచ్చినా నలుగురూ ఒకేసారి కళ్లు మూసుకుంటారు. వార్డులో అది మామూలే.

కానీ ఆ తల్లికి అన్నిటికంటే ధైర్యం ఇచ్చింది ఒక సోమవారం చెకప్‌కు వచ్చిన పదేళ్ల పిల్ల. రెండు జడలు వేసుకుని, బడి యూనిఫాంలోనే వచ్చింది. నాలుగేళ్ల క్రితం ఈ వార్డులోనే, కిటికీ పక్క మంచం మీదే ఉందట. తల్లి ఆ పిల్లను దగ్గరకు పిలిచి జడలు తడిమి చూసింది. 'నిజం జుట్టేనా?' అన్నట్టు చూసింది. ఆ పిల్ల నవ్వి, "మొదట ఉంగరాలు ఉంగరాలుగా వచ్చింది ఆంటీ, తర్వాత మామూలైంది" అంది. ఆ రోజు డాక్టరు చెప్పిన మాటలన్నీ కలిపినా అంత పని చేయలేదు. చికిత్స పూర్తయిన పిల్లలను, వాళ్ల అమ్మానాన్నలను కొత్తవారితో కలిపి కూర్చోబెట్టే ఆస్పత్రులు మంచి పని చేస్తున్నాయి. ముందు నడిచినవారు వెనక్కి తిరిగి చెయ్యి ఊపితే చాలు, వెనక వచ్చేవారికి దారి ఉందని తెలుస్తుంది.

అన్ని రోజులూ అలా ఉండవు. ఒక తెల్లవారుజామున కిటికీ పక్క మంచం ఖాళీగా కనిపించింది. దుప్పటి మార్చేశారు. ఆ పిల్లవాడి తల్లి కూడా మొక్కింది. ఆమె కూడా వేళకు మందు వేసింది. ఆ రోజు వార్డులో తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. 'ఆమె మొర ఎందుకు వినలేదు?' అన్న ప్రశ్న అందరి గొంతుల్లోనూ ఉంది.

దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. 'దేవుడికి ఇష్టమైనవారినే తీసుకుపోతాడు' వంటి మాటలు ఆ తల్లికి చెప్పకపోవడమే మర్యాద. కొందరు పిల్లలకు జబ్బు నయం కాదని తేలాక కూడా చేయాల్సింది చాలా ఉంటుంది. నొప్పి తెలియకుండా చూడొచ్చు. ఇష్టమైనవారి మధ్య ఉంచొచ్చు. ఆ వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. దాన్ని అడగడం ఓటమి కాదు. ఫలానా ఫలితం ఇస్తేనే నమ్ముతానంటే అది బేరం అవుతుంది. ఆ వార్డులో నమ్మకం అంటే, ఖాళీ మంచాన్ని చూసిన తర్వాత కూడా తన బిడ్డ మందు వేళకు లేవగలగడం. ఆ ఉదయం ఆరింటికి ఆమె లేచింది. నీళ్లు కాచింది. కొడుకును తూకానికి తీసుకెళ్లింది. పదిహేనున్నర కిలోలు.

ఇంటిదగ్గర దీక్ష

తొలి విడతలన్నీ ముగిశాక ఇంటికి పంపారు. రోజూ రాత్రి ఒక మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్, నెలకోసారి హైదరాబాద్ ప్రయాణం. తండ్రి క్యాలెండరులో గళ్లు గీశాడు. మాత్ర వేసిన ప్రతి రాత్రీ కూతురు ఒక గడిలో టిక్కు పెడుతుంది. ఏడాదిన్నర పాటు అమ్మ తనను మర్చిపోయిందనుకున్న ఆ పిల్లకు అది పెద్ద ఉద్యోగం. తమ్ముడి జబ్బులో తనకూ ఒక పని దొరికింది. పెద్దబిడ్డలు అల్లరి చేస్తే కోప్పడతాం గానీ, చాలాసార్లు వాళ్లు అడుగుతున్నది అదే. నాకూ ఒక చోటు కావాలని.

చికిత్స ఖర్చు చాలావరకు ఆరోగ్యశ్రీ కింద గడిచింది. చార్జీలకు, తిండికి మాత్రం తడుముకోవాల్సి వచ్చేది. అప్పుడే ఊరు తన మంచితనం చూపించింది. పత్తి ఏరడానికి ఎదురింటివాళ్లు ఒక రోజు వచ్చారు. ఆటో నడిపే కుర్రాడు అర్ధరాత్రి ఎప్పుడు పిలిచినా వస్తానని నంబరు గోడ మీద రాశాడు. ఒకసారి నిజంగానే అర్ధరాత్రి పిల్లవాడికి నూటొక్క డిగ్రీల జ్వరం వచ్చింది. తెల్లారేదాకా ఆగుదామని ఎవరూ అనలేదు. ఈ మందులు వాడే పిల్లల్లో జ్వరం అంటే ఆగాల్సిన సంగతి కాదని అప్పటికి వీధి వీధికీ తెలుసు.

ఇలాంటి ఇంటికి వెళ్లేవారు ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్నేమీ కాదు. కారణాలు అడగకండి. 'అంతా మంచే జరుగుతుంది' అని హామీలు ఇవ్వకండి. జలుబు, దగ్గు ఉంటే గడప దాటకండి. చేతులు కడుక్కుని వెళ్లండి. ప్రసాదం తెస్తే ఇంట్లో అప్పుడే వండినదే తెండి. కోసి ఉంచిన పళ్లు, తీర్థం పిల్లవాడికి ఇవ్వొద్దు. రక్తం అవసరమైతే ఇవ్వండి. పెద్దబిడ్డను ఒక పూట బడికి దించండి. తల్లిని రెండు గంటలు నిద్రపోనివ్వండి. అంతకంటే పెద్ద ఓదార్పు మాటల్లో ఉండదు.

కాంటా ముల్లు

పుష్యమాసంలో చివరి మాత్ర వేశారు. క్యాలెండరు చివరి గడిలో కూతురు టిక్కు పెట్టి, పక్కన పువ్వు గీసింది. ఇంకా చెకప్‌లు ఉంటాయని, కొన్నేళ్లపాటు వస్తూనే ఉండాలని డాక్టరు చెప్పారు. తల్లి జాతర గురించి అడిగింది. "అంత జనంలోకి ఇప్పుడే వద్దమ్మా. ముందే ఒక రోజు, రద్దీ లేనప్పుడు వెళ్లి రండి" అన్నారు. జాతరకు ముందే మొక్కులు తీర్చుకునేవారు మేడారంలో ఎందరో ఉంటారు.

ఒక మంగళవారం పొద్దున్నే బయలుదేరారు. పిల్లవాడికి మాస్కు. తలనిండా జుట్టు. దారిలో బెల్లం అమ్మేచోట కాంటా దగ్గర ఆగారు. పదహారు కిలోల లెక్కన తండ్రి డబ్బులు విడిగా కట్టి పెట్టుకున్నాడు. పిల్లవాణ్ని ఒక తట్టలో కూర్చోబెట్టారు. రెండో తట్టలో పదహారు కిలోల బెల్లం పెట్టారు. కాంటా లేవలేదు. ఇంకో బుట్ట తెప్పించారు. అప్పుడు కూడా పిల్లవాడు కిందనే ఉన్నాడు. ఇరవై ఒకటో కిలో పడ్డాక ముల్లు నిలబడింది.

"అయిదు కిలోలు ఎక్కువైంది" అన్నాడు దుకాణదారు.

తండ్రి బేరమాడలేదు. జేబులో చెయ్యి పెట్టి, రాకపోకలకని దాచిన నోట్లు తీసి లెక్కపెట్టసాగాడు. తల్లి ముల్లువైపే చూస్తోంది. ఇన్నాళ్లుగా నర్సు రాసిన అంకెలన్నీ ఆమెకు నోటికి వచ్చు. ఈ అంకెను మాత్రం పైకే చెప్పుకుంది.

"ఇరవై ఒకటి."